తుపాను తీరం దాటిన నెల తరువాత

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచింది. మధ్యమధ్య 165 దాకా వెళ్ళింది. ఆ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి తోటలు, జీడి తోటలు నేలకొరిగాయి. చాలా ఊళ్ళలో రోజుల తరబడి కరెంటు లేదు. ఆ తరువాత కొన్నాళ్ళు ఆ ఊళ్ళకు అందరూ వచ్చారు. మంత్రులు వచ్చారు, అధికారులు వచ్చారు, వైద్య శిబిరాలు పెట్టారు, బియ్యం పంచారు. నష్టం రాసుకున్నారు. కొబ్బరి చెట్టుకు ఇంత, ఇంటికి ఇంత, పడవకు ఇంత, వలకు ఇంత, పశువుకు ఇంత.

ఆ లెక్కల కాగితంలో నిద్ర పట్టడం లేదని రాసుకునే గడి లేదు. ఉన్నా ఆ వారంలో నింపగలిగేది కాదు. చావు అంచుదాకా వెళ్ళొచ్చిన మనిషి మొదటి వారం ఉలిక్కిపడుతున్నా, తిండి సయించకపోయినా, రాత్రంతా మేలుకుని కూర్చున్నా అది జబ్బు కాదు. జబ్బని చెప్పాలంటే ఆ స్థితి కొన్ని వారాలు సాగాలి. అమెరికా వైద్యులు వాడే ప్రమాణంలో అయితే నెల దాటాలి. అంటే సాయం చేసేవాళ్ళంతా తిరిగి వెళ్ళిపోయాకే ఈ నష్టం బయటపడుతుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్, మరుసటి ఏడు సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్, నాలుగేళ్ళకు తిత్లీ. మన తీరానికి అక్టోబరు ఎలాంటిదో కొత్తగా చెప్పనక్కర్లేదు. మనసుకు తగిలే ఈ దెబ్బ ఏమిటో, ఎలా పనిచేస్తుందో, దేనికి లొంగుతుందో కూడా తెలిసి ఉండటం మంచిది.

ప్రాణం పోతుందనిపించిన క్షణం, కళ్ళెదుట ఒకరి ప్రాణం పోవడం, శరీరం మీద దారుణమైన దౌర్జన్యం జరగడం, ఇలాంటి సంఘటనలు మనసు మీద చేసే గాయాన్ని ట్రామా (మానసిక ఆఘాతం) అంటారు. ప్రతి కష్టమూ ఆఘాతం కాదు. తోట పోవడం నష్టం, దుఃఖం, అప్పు. కూలుతున్న గోడ పక్క నుంచి పిల్లను లాక్కుని పరుగెత్తడం ఆఘాతం. రెండూ ఒకే మనిషికి ఒకే రాత్రి జరగొచ్చు. వాటికి చేయాల్సిన వైద్యం మాత్రం ఒకటి కాదు.

తుపాను ఒక్కటే కాదు. 2017 జనవరి 21 రాత్రి అప్పటి విజయనగరం జిల్లా కూనేరు దగ్గర హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి 40 మంది దాకా చనిపోయారు. 2023 అక్టోబరు 29న కంటకాపల్లి దగ్గర పలాస ప్యాసింజరును రాయగడ ప్యాసింజరు వెనక నుంచి ఢీకొంది. 14 మంది పోయారు. ఆ ప్యాసింజరు బళ్ళు ఎక్కేవాళ్ళు మనవాళ్ళే. విశాఖలో పనిచేసుకుని చీకటి పడ్డాక ఊరికి చేరేవాళ్ళు. ప్రాణాలతో బయటపడిన మనిషి మర్నాడు మళ్ళీ అదే బండి ఎక్కాలి. ఇక మన మత్స్యకారుల సంగతి. కొందరు వేట కోసం గుజరాత్ వలసపోయి, 2018 నవంబరులో పాకిస్తాన్ బలగాలకు చిక్కి, కరాచీ జైల్లో ఏడాదికి పైగా మగ్గారు. 2020 జనవరిలో 20 మంది వాఘా మీదుగా ఇంటికి చేరారు. వీళ్ళందరికీ జబ్బు వచ్చిందని నేను అనడం లేదు. అందరికీ రాదు. అసలు తెలుసుకోవాల్సిన మొదటి సంగతి అదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి సంఘటనను ఎదుర్కొనేవాళ్ళు నూటికి 70 మంది. పి.టి.ఎస్.డి. (ఆఘాతం ముగిశాక కూడా మనసులో కొనసాగే రుగ్మత) వచ్చేది 5.6 శాతానికే. మిగిలినవాళ్ళు ఏడుస్తారు, కలవరిస్తారు, నెమ్మదిగా కోలుకుంటారు. మనిషి మనసు గట్టిదే. అయితే ఈ సగటు అన్ని ఆఘాతాలకూ ఒకేలా వర్తించదు. లైంగిక దౌర్జన్యం తరువాత ఈ జబ్బు వచ్చే అవకాశం చాలా ఎక్కువ. పిల్లల విషయంలో పొరుగునే ఒక ఉదాహరణ ఉంది. 1999 ఒడిశా సూపర్ సైక్లోన్ వచ్చిన ఏడాది తరువాత అక్కడి బడిపిల్లలు 447 మందిని నీలమాధవ్ కర్ బృందం పరీక్షించింది. 30 శాతానికి పైగా పిల్లల్లో ఈ రుగ్మత కనిపించింది. ఏడాది తరువాత!

ఇది మెదడులో ఎలా జరుగుతుంది? ప్రమాదాన్ని పసిగట్టే పని అమిగ్డాల (మెదడు లోపల బాదంపప్పు ఆకారంలో ఉండే చిన్న భాగం) చేస్తుంది. దానికి ఆలోచన తెలియదు, వేగం తెలుసు. అది హెచ్చరించగానే ఒంట్లోకి అడ్రినలిన్ దూకుతుంది. గుండె దడదడలాడుతుంది, కండరాలు బిగుస్తాయి, చూపు ఒక్కచోట నిలుస్తుంది. ఇదంతా పారిపోవడానికో, పోరాడటానికో. రెండూ కుదరకపోతే మనిషి కొయ్యబారిపోతాడు. ఇది పిరికితనం కాదు, శరీరం తనంతట తాను చేసే పని. "అరవలేదేం, పరుగెత్తలేదేం" అని తరువాత అడిగేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అదే సమయంలో మరో భాగం దెబ్బతింటుంది. హిప్పోకాంపస్ (జరిగినదానికి చోటు, కాలం గుర్తుపెట్టి జ్ఞాపకంగా దాచే భాగం) ఆ ఉధృతిలో సరిగా పనిచేయదు. అందువల్ల ఆ రాత్రి ఒక కథగా మొదలూ చివరా కలిపి నమోదు కాదు. ముక్కలు ముక్కలుగా మిగులుతుంది. రేకు లేచిపోయిన చప్పుడు, తడిసిన మట్టి వాసన, ఎవరిదో కేక. ఆ ముక్కలకు తేదీ ఉండదు. తేదీ లేని జ్ఞాపకం వచ్చినప్పుడల్లా ఇప్పుడే జరుగుతున్నట్టు వస్తుంది. మూడో భాగం నుదుటి వెనకాల ఉంటుంది. "అది అయిపోయింది, ఇప్పుడు భయం లేదు" అని అమిగ్డాలను శాంతపరచడం దాని పని. జబ్బుపడ్డవాళ్ళలో దాని మాట చెల్లదు.

తుపాను వస్తోందంటే కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో ప్రమాద సూచిక ఎగరేస్తారు. గండం గడిచాక దించేస్తారు. ఈ జబ్బులో ఆ సూచిక దించేవాడు లేడు. పదో నంబరు సూచిక ఏడాది పొడుగునా ఎగురుతూనే ఉంటుంది. దాన్ని చూసి శరీరం రోజూ తుపానుకు సిద్ధపడుతూనే ఉంటుంది.

దీని లక్షణాలు మూడు రకాలు. జరిగింది మళ్ళీ మళ్ళీ కళ్ళ ముందుకు రావడం ఒకటి. పీడకలలు ఇందులోవే. దాన్ని గుర్తుచేసే చోటు, మనిషి, మాట, అన్నింటినీ తప్పించుకు తిరగడం రెండోది. ఎప్పుడూ ఏదో ముంచుకొస్తుందన్నట్టు ఉండటం మూడోది. చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, రాత్రి రెండుసార్లు లేచి తలుపు గడియ చూసుకోవడం, ఇంట్లోవాళ్ళ మీద ఊరికే విరుచుకుపడటం ఇక్కడికి వస్తాయి. చిన్నపిల్లలు మాటల్లో చెప్పలేరు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలవుతుంది. ఆటలో కూడా అదే ఆడతారు, ఇల్లు కట్టి కూలుస్తారు, మళ్ళీ కట్టి కూలుస్తారు. అమ్మ కొంగు వదలరు.

ఈ మూడింటిలో పైకి పెద్ద ఇబ్బందిగా కనిపించనిదీ, జబ్బును నిలబెట్టేదీ రెండోదే. రైలు ప్రమాదం చూసినవాడు రైలు మానేసి బస్సు ఎక్కుతాడు. ఆ పూట గుండె దడ ఉండదు. హమ్మయ్య అనుకుంటాడు. ఆ "హమ్మయ్య" మెదడుకు ఒక పాఠం చెబుతుంది: రైలు ఎక్కలేదు కనకే బతికావు. మర్నాడు స్టేషను వైపు కూడా వెళ్ళబుద్ధి కాదు. తరువాత విశాఖ వెళ్ళడమే మానేస్తాడు. పని పోతుంది. తప్పించుకున్నకొద్దీ భయం తగ్గదు, దాని పరిధి పెరుగుతుంది. చికిత్స అంతా ఈ ఒక్క ముడి విప్పడం మీదే ఆధారపడి ఉంది.

మన ఊళ్ళలో ఎవరూ డాక్టరు దగ్గరికి వెళ్ళి "నాకు ఆఘాతం తగిలింది" అని చెప్పరు. గుండె దడ అంటారు. తల దిమ్ము, ఒళ్ళు నొప్పులు, ఆకలి లేదు, "నిద్దర పట్టడం లేదు బాబూ" అంటారు. ఇ.సి.జి. తీస్తే బాగానే ఉంటుంది. గ్యాస్ మాత్రలు రాసి పంపిస్తారు. నొప్పులు తగ్గకపోతే మనిషి మందుల షాపుకు వెళ్ళి నొప్పి బిళ్ళలు కొనుక్కుంటాడు. ఉద్దానంలో ఇది ప్రత్యేకంగా భయపడాల్సిన విషయం. కారణం ఇప్పటికీ తేలని కిడ్నీ జబ్బు అక్కడ ఊళ్ళకు ఊళ్ళను పీడిస్తోంది. చాలా రకాల నొప్పి బిళ్ళలు మూత్రపిండాలకు చేటు. మగవాళ్ళకు ఇంకో దారి మద్యం దుకాణం. తాగితే ఆ రాత్రికి కన్ను మూతపడుతుంది. కానీ మద్యం నిద్రలోని రెండో సగాన్ని చెడగొడుతుంది, పీడకలలను ఆపదు, కొన్నాళ్ళకు తానే రెండో జబ్బవుతుంది.

ఇక దడుసుకున్నారని తాయెత్తు కట్టించడం, అమ్మవారికి మొక్కుకోవడం. వీటిని ఎగతాళి చేయడం నాకు ఇష్టం లేదు. నలుగురు చుట్టూ చేరడం, ఎవరో ఒకరు పట్టించుకోవడం మనసుకు మేలే చేస్తాయి. కొట్టడం, పొగబెట్టడం, ఆసుపత్రికి వెళ్ళనీయకపోవడం ఉంటే మాత్రం అది హాని.

చికిత్స విషయానికొద్దాం. మొదటి రోజుల్లో చేయాల్సింది చాలా సాదాసీదా పని. దాన్ని మానసిక ప్రథమ చికిత్స అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో దీని మీద ఒక చేతిపుస్తకం తెచ్చింది. అందులో ఉన్నవి మూడు పనులు: చూడటం, వినడం, కలపడం. ఎవరికి ఏం కావాలో చూడాలి. చెబితే వినాలి. తప్పిపోయినవాళ్ళతో, సాయం చేసేవాళ్ళతో కలపాలి. పొడి బట్టలు, వేడి అన్నం, పడుకోవడానికి భయంలేని చోటు, అన్న ఎక్కడున్నాడో కబురు. ఇంతే.

చేయకూడనిది కూడా అంతే ముఖ్యం. 1980ల్లో ఒక పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. ప్రమాదం జరిగిన రోజుల్లోనే బాధితులను కూర్చోబెట్టి, జరిగిందంతా ఒక్క విడతలో చెప్పించి, కక్కేస్తే తేలికవుతుందనేవారు. తరువాత పరీక్షించి చూస్తే దానివల్ల జబ్బు తగ్గలేదు. కొందరికి ఎక్కువైంది. ఇప్పుడు దాన్ని వద్దంటున్నారు. మైకు పట్టుకుని "ఆ క్షణంలో మీకేమనిపించింది" అని అడిగేవాళ్ళు తెలియకుండా చేస్తున్నది కూడా దాదాపు ఇదే. నిద్ర కోసం ఆల్ప్రజొలామ్ లాంటి మత్తు బిళ్ళలు ఇవ్వడమూ సరికాదు. ఆఘాతం తరువాత తొలి నెలలో ఆ లక్షణాలకు అలాంటివి ఇవ్వొద్దని 2013 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అవి అలవాటుగా మారతాయి.

నెల దాటాక కూడా తగ్గనివాళ్ళకు అసలు చికిత్స మొదలవుతుంది. అది ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ఇది కల్పించిన ఉదాహరణ. మందస వైపు ఒకామె అనుకోండి. పలాసలో జీడిపప్పు వలిచే పనికి వెళ్ళేది. తుపాను రాత్రి అత్తగారు ఆవును విప్పడానికి సాలలోకి వెళ్ళింది, గోడ కూలింది. ఆరు నెలలైంది. ఇప్పుడు ఈదురుగాలికి రేకు కదిలితే చాలు, పిల్లలను చంకనేసుకుని బడి భవనానికి పరుగెత్తుతుంది. సాల వైపు వెళ్ళదు. పనికి వెళ్ళడం మానేసింది. "ఆవును నేను విప్పినట్టయితే ఆవిడ బతికేది" అనే మాట లోపల ఆగడం లేదు.

శిక్షణ పొందిన సైకాలజిస్టు ముందు ఆమెకు జబ్బు సంగతి చెబుతారు. మెదడులో ఏం జరుగుతోందో వివరిస్తారు. పిచ్చి కాదని తెలియడమే సగం ఊరట. తరువాతి వారాల్లో ఆ రాత్రిని మొదటి నుంచి చివరిదాకా చెప్పిస్తారు. జరిగిపోయినట్టు కాకుండా జరుగుతున్నట్టు చెప్పమంటారు: "దీపం ఆరిపోయింది, పాపను మంచం కిందికి తోస్తున్నాను." మొదటిసారి గోడ దగ్గరికి వచ్చేసరికి మాట ఆగిపోతుంది. తొందరపెట్టరు. మళ్ళీ చెప్పిస్తారు, వారం వారం చెప్పిస్తారు. చెప్పినకొద్దీ ముక్కలు వరుసలో పడతాయి. జ్ఞాపకం పోదు, దానికి తేదీ వస్తుంది.

ఇంకోవైపు, తప్పించుకుంటున్న పనులకు ఒక వరుస రాస్తారు. గాలి లేని రోజు సాల గుమ్మం దాకా వెళ్ళి నిలబడటం మొదటిది. లోపలికి వెళ్ళి కూర్చోవడం తరువాతిది. వాన చప్పుడు ఫోనులో వినడం, వాన పడుతుంటే వరండాలో ఉండటం, చివరికి ఈదురుగాలి ఉన్న పూట, తుపాను హెచ్చరిక లేదని తెలుసుకుని, ఇంట్లోనే ఉండిపోవడం. ప్రతి మెట్టు దగ్గరా గుండె దడ వస్తుంది. పారిపోకుండా ఉంటే కాసేపటికి తగ్గుతుంది. మెదడు కొత్త పాఠం నేర్చుకుంటుంది. నిజమైన తుపాను హెచ్చరిక వస్తే బడి భవనానికి వెళ్ళాల్సిందే. చికిత్స తీసేది ఆ జాగ్రత్తను కాదు, సూచిక ఎగరని రోజు పరుగును.

మూడో పని ఆ నేరభావం మీద. "ఆవును నేను విప్పి ఉంటే" అన్న మాటను కాగితం మీద పెట్టి విచారిస్తారు. ఆ క్షణంలో ఆమెకు తెలిసిందేమిటి? చేతిలో ఉన్న పాప మాటేమిటి? గోడ కూలుతుందని ఎవరికైనా తెలుసా? ఓదార్పు మాటలతో పోని భారం ఇలాంటి నిదానమైన విచారణతో తగ్గుతుంది. ఈ పద్ధతులన్నింటినీ కలిపి ఆఘాతం మీద దృష్టిపెట్టే సి.బి.టి. (ఆలోచననూ నడవడినీ మార్చే మాటల చికిత్స) అంటారు. సాధారణంగా 8 నుంచి 15 విడతలు. ఇ.ఎం.డి.ఆర్. అనే మరో పద్ధతి కూడా ఉంది. జ్ఞాపకాన్ని మనసులో ఉంచుకుని, అటూ ఇటూ కదిలే వేలిని చూపుతో వెంబడించడం. 1980ల చివర అమెరికాలో ఫ్రాన్సిన్ షపీరో మొదలుపెట్టింది. చాలామందికి పనిచేస్తోంది. అందులో కళ్ళు కదపడం వల్ల వచ్చే మేలు ఎంత, జ్ఞాపకాన్ని ఎదుర్కోవడం వల్ల వచ్చేది ఎంత అన్నది మాత్రం ఇంకా వాదనలోనే ఉంది.

మందులు? సెర్ట్రలీన్, పరాక్సెటీన్ లాంటివి వాడతారు. గుణం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మధ్యలో చటుక్కున మానకూడదు. మాటల చికిత్స దొరికే చోట మందు కన్నా ముందు దానికే ప్రాధాన్యం ఇవ్వమని ఎక్కువ మార్గదర్శకాలు చెబుతాయి. జైలు, ఇంట్లో ఏళ్ళ తరబడి దెబ్బలు, చిన్ననాటి లైంగిక దౌర్జన్యం లాంటి తెంపులేని ఆఘాతాలకు ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. తుపాను గురించి పదిమందిలో చెప్పుకోవచ్చు. ఇంటి నాలుగు గోడల మధ్య జరిగేదాన్ని చెప్పుకోవడానికి చోటుండదు. అందుకే అది ఎక్కువ కాలం దాగి ఉంటుంది.

ఇక్కడ మన చిక్కు. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం వంద కిలోమీటర్ల పైనే. శ్రీకాకుళం, విజయనగరాల్లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. డాక్టరును ఒకసారి చూపించుకుని మందు తెచ్చుకోవచ్చు. కూలి మానుకుని పన్నెండు వారాలు వరసగా మాటల కోసం బస్సెక్కడం ఎంతమందికి సాధ్యం? 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రభుత్వ సేవల ద్వారా వైద్యం పొందే హక్కు ఇచ్చింది. హక్కుకూ బస్సు ఛార్జీకీ మధ్య దూరం అలాగే ఉంది. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ ఈ దూరాన్ని కొంత తగ్గిస్తుంది. నంబరు 14416. డబ్బు కట్టనక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇంకో మార్గం ఉందని ఉగాండా చూపింది. అక్కడి నకివాలే శరణార్థి శిబిరంలో డాక్టర్లు కాని మామూలు మనుషులకే, శరణార్థుల్లోంచే ఎంపికచేసి, శిక్షణ ఇచ్చారు. వాళ్ళు చేసిన ఆరు విడతల చికిత్స పనిచేసిందని 2008లో ఫలితాలు వచ్చాయి. ఆ పద్ధతిలో నేల మీద ఒక తాడు పరుస్తారు. అది ఆ మనిషి జీవితం. మంచి జరిగిన చోట పువ్వు, ఆఘాతం తగిలిన చోట రాయి పెట్టి, పుట్టుక నుంచి నేటిదాకా కథ చెప్పిస్తారు. తాడు, పువ్వు, రాయి మనకూ ఉన్నాయి. ఊరూరా ఆశా కార్యకర్తలు, ఏ.ఎన్.ఎం.లు ఉన్నారు. లేనిది శిక్షణ, ఆ శిక్షణ పొందినవాళ్ళ మీద నిపుణుల పర్యవేక్షణ. ఇప్పటికే మోస్తున్న పనుల మీద ఉత్తపుణ్యానికి మరొకటి పెడితే మాత్రం సాగదు, దానికి జీతం కట్టాలి.

ఆఖరుగా ఒక పరిశోధన సంగతి. 2000లో లండన్‌లో క్రిస్ బ్రూయిన్ బృందం 77 అధ్యయనాలను కలిపి చూసింది. ఆఘాతం ఎవరిలో జబ్బుగా మారుతుందో తేల్చే విషయాల్లో మనిషి పూర్వచరిత్ర కన్నా ఆ తరువాత జరిగేవే ఎక్కువ బలంగా కనిపించాయి. చుట్టూ ఆదుకునేవాళ్ళు ఉన్నారా లేదా, మీద మరిన్ని కష్టాలు పడ్డాయా లేదా. కొత్తగా నాటిన కొబ్బరి కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. అప్పటిదాకా అప్పులవాడు గుమ్మంలో ఉంటే ఏ సైకాలజిస్టు మాత్రం ఏం చేయగలడు? పరిహారం ఆలస్యం కావడం రెవెన్యూ విషయమే కాదు, వైద్య విషయం కూడా.

అందుకని అధికారులకు ఒక విన్నపం. తుపానుకో రైలు ప్రమాదానికో ఇప్పుడు వెళ్తున్నట్టే మొదటి వారం వెళ్ళండి. నలభై అయిదో రోజున ఆశా కార్యకర్తను అదే ఇళ్ళకు మరొకసారి పంపండి. అడగాల్సినవి నాలుగు ప్రశ్నలే: నిద్ర పడుతోందా, ఆ రాత్రి కళ్ళ ముందుకు వస్తోందా, ఎక్కడికైనా వెళ్ళడం మానేశారా, పిల్లలు ఎలా ఉన్నారు. ఇబ్బంది ఉందన్న ఇంటికి మూడో నెలలో కూడా వెళ్ళాలి.